ఎనిమిది కలిపినవాడు

యెషి మా కొట్లోకి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో తడిసిన పులి ఒకటి ఉంది.

పులంటే దుప్పటి మీది పులి. చలికాలం వచ్చిందంటే జొహానెస్‌బర్గ్‌లో పులిబొమ్మ దుప్పటి లేని ఇల్లుండదు. మా బొగాలె బాబాయ్ కొట్టు నిండా పులులే, మధ్యమధ్య సింహాలు. జెప్పి వీధిలో మా మేడలో ఒకప్పుడు డాక్టర్ల గదులుండేవట. ఇప్పుడు గదికొక ఇథియోపియావాడు కొట్టు పెట్టుకుని, రోగుల బదులు బేరగాళ్ళని చూస్తున్నాడు.

బయట జనవరి వాన దంచికొడుతోంది. ఆ పిల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. పులిలోంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. రెండూ కలిసి మా గచ్చు మీద కాలవ కట్టాయి.

"ఇది మీ కొట్టుదేనా?" అంది.

"ముఖం చూస్తే మావాడిలాగే ఉన్నాడు," అన్నాను.

"రంగు పోతోంది. మా అత్త తెల్లశాలువాతో కలిపి నానబెట్టాను. ఇప్పుడా శాలువా చూస్తే దాని మీద కోడిని కోసినట్టుంది. ఆదివారం గుడికి ఆవిడ ఏం కప్పుకెళ్ళాలి?"

"దుప్పటిని శాలువాతో కలిపి ఎవరైనా నానబెడతారా అండీ?"

"రంగుపోయే దుప్పటిని ఎవరైనా అమ్ముతారా అండీ?"

"అమ్మింది నేను కాదు, మా బాబాయ్."

"మరి మీరెందుకున్నారిక్కడ? అలంకారానికా?"

దుప్పట్ల గుట్ట వెనకనుంచి బాబాయ్ పకపకా నవ్వాడు. బయటికొచ్చి కొత్త పులినొకదాన్ని ఆమె చేతిలో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఆమె వెనక్కి తిరిగింది. నిజానికి కొత్త దుప్పటిని మా బల్బు వెలుతురులో పట్టి చూసుకుంది, అంతే. అయినా ఆ చూపు నాకే అనుకున్నాను. ఇరవయ్యారేళ్ళవాడికి ఆ మాత్రం ఆశ ఉండదా?

ఇక్కడి దాకా చెప్పుకోవడానికి బాగానే ఉంది. ఇకపైన చెప్పాలంటే నాకు సిగ్గు. ఈ కథలో నేను మంచివాణ్ణి కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరు కూడా మోసపోకుండా ఉంటారు.

యెషి వాళ్ళ అత్త ఎతగెన్, మా మేడలోనే నాలుగో అంతస్తు మెట్ల మలుపులో కాఫీ పెట్టేది. మోకాళ్ళ నొప్పులొచ్చి ఆవిడ ఇంట్లో కూర్చుంటే ఆ పీట మీదకి యెషి వచ్చింది. గింజలు వేయించే వాసన మూడో అంతస్తులో మా కొట్టు దాకా వచ్చేది. వాసన వస్తే నేను వెళ్ళేవాణ్ణి. రాకపోయినా వెళ్ళేవాణ్ణి.

"పొద్దుట్నుంచీ ఇది అయిదోసారి," అనేది. "రాత్రిళ్ళు నిద్రపడుతోందా?"

"లేదు. అది కాఫీ వల్ల కాదు."

"అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈ మేడలో ఒకప్పుడు ఉండేవాళ్ళటగా."

అప్పటికి మా మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆరేళ్ళప్పుడు ఈ దేశానికి వచ్చినవాణ్ణి కాబట్టి మా దేశభాష అమ్హారిక్ నేను మాట్లాడే తీరు ఆమెకు వేళాకోళం. బంగాళాదుంప నోట్లో పెట్టుకుని మాట్లాడతావు అనేది. ఆమె ఇథియోపియాలో హొసానా ఊరి పిల్ల. అక్కడ ఒక జిరాక్స్ కొట్లో పనిచేసేది. ఎందుకొచ్చేశావని ఒకసారి అడిగితే, "జిరాక్స్ తీసినందుకు," అని ఊరుకుంది.

మార్చిలో ఒక మధ్యాహ్నం చేతిలో ప్లాస్టిక్ కవరుతో కిందికి దిగి వచ్చింది. కవరులో ఇంగ్లీషు ఉత్తరం ఉంది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. చదవగలిగినవాడు కావాలని బాబాయ్‌ని అడిగింది.

"వేరే ఎవరో ఎందుకమ్మా?" అన్నాడు బాబాయ్. "మా అషు రెండేళ్ళుగా శరణార్థుల ఆఫీసుకి ఫోన్లో దుబాసీ పని చేస్తున్నాడు. ఆ కాగితాలు వాడికి కొట్టినపిండి."

ఆమె నావైపు తిరిగింది. "దుబాసీవా? ఇన్నాళ్ళూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదుగా."

"అయితే నీకు తెలిసే ఉంటుంది. పోయినేడు ఆ ఆఫీసులో నా ఇంటర్వ్యూలో, ఫోన్లో ఒక గాడిద ఉన్నాడు. ఆఫీసరు ఇంగ్లీషులో అడిగింది వాడు నాకు చెప్పాలి, నేను చెప్పింది ఆయనకి చెప్పాలి. ఏం చెప్పాడో ఏమో, నేను అబద్ధాలకోరునని రాసి పంపించారు. వాడెవడో నాకు కావాలి."

"మాలో గాడిదలు చాలామందే ఉన్నారు. గుర్తులు చెప్పు."

"పెళ్ళిలో మైకు పట్టుకున్నవాడి గొంతు. 'అమ్మా, తమరు సెలవిచ్చిన ప్రకారం' అంటాడు."

"దొరికితే చెవి పట్టుకుని లాక్కొచ్చి నీ కాఫీ పీట ముందు నిలబెడతాను," అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఇంకా రెచ్చిపోయి, కుర్చీ లాగి, ఉత్తరం విప్పి, పెద్ద లాయరులాగా గొంతు సవరించుకున్నాను.

ఉత్తరంలో సంగతి చిన్నదే. ఆశ్రయం ఇవ్వడం కుదరదు. అరెస్టు గురించి ఆమె చెప్పింది నమ్మదగ్గది కాదు. అప్పీలులో కూడా ఓడిపోతే వెంటనే స్వదేశానికి పంపేయవలసిందని ఉత్తర్వు. అప్పీలు విచారణ ఏప్రిల్ పదహారున.

"ఎందుకు నమ్మలేదట?" అంది.

"తేదీలు. నిన్నెప్పుడు పట్టుకున్నారు?"

"రెండువేల తొమ్మిది, హిదార్ పన్నెండు. మిఖాయేల్ పండుగ. గుడినుంచి వచ్చి కొట్టు తెరిచాను. పది నిమిషాల్లో పోలీసులొచ్చారు. కుర్రవాళ్ళు సర్కారు మీద ఊరేగింపుకని తీయించిన కాగితాలు ఇంకా మెషీన్లోనే ఉన్నాయి. నలభై ఏడు రోజులు లోపల ఉన్నాను. ఆ తేదీ నేనెలా మర్చిపోతాను?"

"ఈ దేశానికి ఎప్పుడొచ్చావు?"

"అదే ఏడు, గెన్బోత్ నెలాఖరు."

"ఇదిగో, తప్పు నీదే," అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా. "మన ఇథియోపియా క్యాలెండరుకి ఎనిమిదేళ్ళు కలిపితే ఇక్కడి లెక్క. గెన్బోత్ అంటే రెండువేల పదిహేడు జూన్. హిదార్ అంటే రెండువేల పదిహేడు నవంబరు. అంటే నువ్వు ఇక్కడికొచ్చిన అయిదు నెలలకి అక్కడ అరెస్టయ్యావు. అబద్ధం అనక ఇంకేమంటారు? ఏడాది తప్పు చెప్పుంటావు."

యెషి ముఖంలో నవ్వు పోయింది. "నువ్వు కూడా అదే మాటంటున్నావా?"

దుప్పట్లు మడతపెడుతున్న బాబాయ్ ఆగాడు. "ఒరేయ్, హిదార్‌కి ఎనిమిదేమిట్రా?"

"ఎప్పుడైనా ఎనిమిదేగా బాబాయ్."

"ఎవడు చెప్పాడు నీకు? మనకి కొత్త ఏడు సెప్టెంబరులో వస్తుంది, వీళ్ళకి జనవరిలో. ఆ మధ్య నాలుగు నెలలూ ఏడే కలపాలి. ఎనిమిది జనవరి తర్వాత. హిదార్ అంటే రెండువేల పదహారు నవంబరు. మన ఊళ్ళో మేకలు కాసేవాడికి కూడా తెలుసురా అది."

యెషి లేచి నిలబడింది. "అదీ సంగతి. పదహారులో పట్టుకున్నారు, పదిహేడులో వచ్చాను. నేను సరిగ్గానే చెప్పాను. ఆ గాడిద ఎనిమిది కలిపాడు, బాబాయ్. వాడి మనసు పనిమీద ఉంటేగా. నేనిక్కడ జైలు గురించి చెబుతుంటే అవతల గుసగుసగా బేరం. 'రెండు తీసుకుంటే మూడొందలు, అక్కా. పులి కావాలా, సింహం కావాలా' అని."

నేను ఉత్తరంలోకి చూస్తూ ఉండిపోయాను. అక్షరాలేవీ కనిపించలేదు. ఆ బేరం నాకు గుర్తొచ్చింది.

పోయినేడు బాబాయ్ లేని రోజు. కొట్లో ఒక లావుపాటావిడ దుప్పట్లు తిరగేస్తోంది. నా చెవికీ భుజానికీ మధ్య ఫోను. నాకు రెండు చెవులున్నాయి, ఒకటి ఆఫీసుకి, ఒకటి కొట్టుకి అనుకునేవాణ్ణి. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి బేరమాడాను. ఫోన్లో ఎవరో ఆడమనిషి తేదీ చెప్పింది. చెప్పిందానికి ఎనిమిది కలిపి ఆఫీసరుకి అప్పజెప్పాను. ఆవిడ గొంతు నాకు గుర్తులేదు. మూడొందల ర్యాండ్ల నోట్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

ఈ మేడలో దుప్పట్ల కొట్లు నలభై ఉన్నాయి, ఆఫీసు ఫోన్లో దుబాసీలందరిదీ అదే పెళ్ళిమైకు గొంతు, కాబట్టి యెషికి అనుమానం రాలేదు. బాబాయ్ మాత్రం నావైపు చూశాడు. నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నిజమే," అన్నాను చివరికి. "దుబాసీదే తప్పు."

అది కూడా పూర్తి నిజమే కదా. అలాంటి నిజాలు చెప్పడంలో నాకు మంచి చెయ్యి ఉందని ఆ రోజే తెలిసింది.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని మిస్ మొలెఫె దగ్గరికి వెళ్ళాను. ఫీజు లేకుండా కేసులు చూసే లాయరమ్మ. నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"నా దగ్గరికొచ్చే నలుగురిలో ముగ్గురు దుబాసీ మీదే తోస్తారు. అప్పీలు వినే బెంచీవాళ్ళకి విని విని విసుగెత్తిపోయింది. ఆ ఫోను సంభాషణ రికార్డు లేదు. ఆ మనిషే వచ్చి, తప్పు నాదే అని ప్రమాణం చేసి చెబితే తప్ప దీనికి బలం లేదు."

"వస్తాడా?" అంది యెషి. అది కూడా నేనే ఇంగ్లీషులోకి మార్చాను.

"ఎందుకొస్తాడు? దుబాసీల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. పరువు పోతుంది."

తిరిగి వస్తుంటే వ్యాను టాక్సీలో పదిహేనుమందిమి. నా పక్కన యెషి, ఒళ్ళో కవరు. బయట సన్నగా వాన. అద్దం మీద వేలితో గీతలు గీస్తూ నెమ్మదిగా చెప్పింది. "మా జిరాక్స్ కొట్టు యజమాని ఇంకా లోపలే ఉన్నాడు. నన్ను పంపిస్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. నలభై ఏడు రోజులతో ఈసారి సరిపోదు."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"దాహంగా ఉందా?" అన్నాను.

ఉపవాసాల రోజులు నడుస్తున్నాయి. మాంసం, పాలు ముట్టకూడదు. ఆ శుక్రవారం యెషి మెట్ల మలుపులో పళ్ళెం పరిచింది. ఇంజెరా రొట్టె, శెనగపిండితో షిరో, ఆకుకూర. నేను చేసిన సాయానికట. చుట్టుపక్కల కొట్లవాళ్ళు ఏడెనిమిదిమంది చేరారు. ఆమె రొట్టె తుంచి, షిరోలో అద్ది, చుట్టి, అందరి ముందూ నా నోటి దగ్గరికి పట్టింది.

మా వాళ్ళలో ఆడపిల్ల అలా ముద్ద పెట్టిందంటే ఊరికే పెట్టదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. నేను మూడునెలలుగా కలగన్నది అదే. కానీ ఆ చేత్తో పెట్టింది నేను ఏ మొహంతో తినను? తల పక్కకి తిప్పుకున్నాను.

"కడుపు బాలేదు," అన్నాను.

ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. చివరికి ముద్దను పళ్ళెం అంచున పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"కాగితాల్లేనిదాని చేతి కూడు అరగదేమోలే," అంది.

మర్నాటినుంచి నాకు కాఫీ లేదు. వెళ్ళి కూర్చుంటే గింజలు అయిపోయాయనేది. నా కళ్ళముందే నా వెనకవాడికి పోసేది.

విచారణకి ఇంకా పదిరోజులుండగా, సాయంత్రం కొట్టు మూసే వేళ బాబాయ్‌కి చెప్పేశాను. ఆయన షట్టరు సగం దించి ఆగాడు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పులి కావాలా సింహం కావాలా అన్నప్పట్నుంచి. ఈ మేడలో అంత వెధవ బేరం నువ్వు తప్ప ఎవడూ చెయ్యడు. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. నిన్ను పెంచినందుకు నాకు సిగ్గేస్తోందిరా."

ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది. కొడితే బాగుండుననిపించింది. ఆయన కొట్టలేదు. షట్టరు పూర్తిగా దించి, తాళం వేసి, "నలుగురూ చేసినట్టే చేద్దాం, పెద్దల్ని తీసుకెళ్దాం," అన్నాడు.

మా వాళ్ళలో తప్పు చేసినవాడు మెడమీద రాయి మోసుకుంటూ గుమ్మంలో వంగి నిలబడాలి. పెద్దలు లోపలికెళ్ళి వాడి తరఫున క్షమాపణ అడగాలి. జెప్పి వీధిలో రాయెక్కడ దొరుకుతుంది? కొట్టు తలుపుకి అడ్డం పెట్టే ఇటుక తీసుకున్నాను.

ఆదివారం గుడి అయ్యాక బాబాయ్, ఇంకో ఇద్దరు ముసలాళ్ళు తెల్లశాలువాలు కప్పుకుని ఎతగెన్ అత్త ఉండే ఇంటికి నడిచారు. నేను వెనక. వాళ్ళు రెండో అంతస్తు ఎక్కి తలుపు తట్టారు. నేను మెట్ల మీద మెడ వంచి, ఇటుక పెట్టుకుని, పిలుపు కోసం నిలబడ్డాను. పక్కింటి కాంగో ఆవిడ బకెట్టుతో పోతూ నన్ను చూసి ఆగింది.

"ఇల్లు కడుతున్నావా బాబూ?"

"కూల్చాను అక్కా," అన్నాను.

లోపల ఏం జరుగుతోందో వినబడుతూనే ఉంది. పెద్దలు అడగొచ్చింది ఇస్తేగానీ కూర్చోకూడదు. అది క్షమాపణకీ రివాజే, పిల్లనడగడానికీ రివాజే. ముగ్గురు ముసలాళ్ళు తెల్లబట్టల్లో వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడితే ఎతగెన్ అత్త ఏమనుకుంటుంది?

"మేమొక మాట అడగడానికొచ్చాం తల్లీ," అన్నాడు బాబాయ్.

"నాకు తెలియదా అన్నయ్యా, ఎందుకొచ్చారో. రెండు వారాలుగా పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు. మీవాడు ముద్ద కాదన్నాడని ఏడ్చింది కూడా. పెద్దల్ని పంపాలనే ఆగాడన్నమాట, మర్యాద తెలిసినవాడు."

"అది కాదు తల్లీ, విషయం ఏమిటంటే..."

"పిల్లకి కాగితాల్లేవని మొహమాటపడుతున్నారా? పదహారున ఆ సంగతీ తేలిపోతుంది. కూర్చోండి, ఇచ్చినట్టే."

ఆ వెంటనే ఆవిడ నోటినుంచి ఇలిలిలి అని మంగళధ్వని లేచింది. పక్కింట్లోంచి ఒకరు, పైఅంతస్తులోంచి ఒకరు అందుకున్నారు. పెళ్ళిళ్ళలో ఆ ధ్వనికి మా ఒళ్ళు పులకరిస్తుంది. ఆ రోజు మెట్లమీద నేను ఇటుకని రెండు చేతులతో పట్టుకున్నాను. ముగ్గురు పెద్దల్లో ఒక్కడికీ ఆ ముసలావిడ సంతోషాన్ని ఆపే ధైర్యం లేకపోయింది. ఇంక ఆగితే నాకంటే నీచుడుండడు.

తలుపు తోసుకుని లోపలికెళ్ళాను. లోపలి గది గుమ్మంలో యెషి నిలబడి ఉంది. అంచు కుట్టిన తెల్ల గౌను వేసుకుంది. నన్ను చూసి సగం సిగ్గుతో, సగం 'నీ పని చెబుతాలే' అన్నట్టు నవ్వింది. తర్వాత నా మెడ మీది ఇటుక చూసింది.

పిల్లనడగడానికి వచ్చేవాడు రాయి మొయ్యడు. నవ్వు ఆగిపోయింది.

"ఏం చేశావు?" అంది.

"ఫోన్లో ఉన్నది నేనే."

అత్త ధ్వని గొంతులోనే తెగింది. నేను నేల చూస్తూ మొత్తం చెప్పాను. ఫోను, బేరం, ఎనిమిది. మన నెలల లెక్క నాకు సగమే తెలుసని, ఆ సగంతోనే రెండేళ్ళు జీతం తీసుకున్నానని చెప్పాను.

ఆమె అడిగింది. "ఆ దుప్పట్లు కొన్నారా?"

"కొన్నారు. రెండూ."

"మీకెప్పుడు తెలిసింది?"

మూడునెలల తర్వాత మళ్ళీ 'మీరు' అంది. ఇటుక బరువు అప్పుడు తెలిసింది నాకు.

"ఉత్తరం చదివిన రోజే."

"అయితే టాక్సీలో నా పక్కన కూర్చుని దాహంగా ఉందా అన్నప్పుడు తెలుసు."

"తెలుసు."

"ముద్ద వద్దన్నప్పుడూ తెలుసు."

"అందుకే వద్దన్నాను."

"అది ఒక్కటీ సరిగ్గా చేశారు." గొంతు పెంచలేదు. "ఆ ఇటుక దించండి. నా గుమ్మంలో మోస్తే నాకేమొస్తుంది? చూసి జాలిపడాలా? పదహారో తారీఖున అక్కడికొచ్చి మొయ్యండి."

లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. పెద్దలు ముగ్గురూ కాఫీ తాగకుండా మెట్లు దిగారు. నా వెనక ఎతగెన్ అత్త, మంగళధ్వనికి జవాబిచ్చిన ఇరుగుపొరుగుకి ఏం చెప్పాలో తెలియక తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆవిడని అలా నిలబెట్టింది కూడా నేనే.

పదహారున బెంచీ మీద ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టు పెద్దావిడ. ఈసారి దుబాసీ ఫోన్లో కాదు, యెషి పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పే ప్రతి మాటనీ ఆయన అమ్హారిక్‌లో ఆమెకు చెబుతున్నాడు. నా సిగ్గుమాలిన పని నేనొకసారి చెప్పడం, వెంటనే దాన్నే నా భాషలో మళ్ళీ వినడం.

"మీరు ఆ సమయంలో ఏం చేస్తున్నారు?" అంది పెద్దావిడ.

"దుప్పట్లు అమ్ముతున్నానమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఏడు ఎప్పుడో, ఎనిమిది ఎప్పుడో ఇప్పుడు తెలుసా?"

చెప్పాను. మా ఏడాదికి పదమూడు నెలలు, ఆ పేర్లన్నీ వరసగా చెప్పాను. పక్కనున్న దుబాసీ తల ఊపాడు.

"ఎప్పుడు నేర్చుకున్నారు?"

"పోయిన నెల."

"అంటే ఈమె ఒక్కరికే కాదు. ఇంకెంతమందికి ఇలా ఎనిమిది కలిపారు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పదిరోజులుగా నిద్రలేకుండా చేసింది అదే.

"తెలియదమ్మా. మాట్లాడిన కేసుల నంబర్లన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి." బుక్కు బల్లమీద పెట్టాను.

ఒక్కసారైనా చూస్తుందేమోనని యెషివైపు చూశాను. ఆమె తన చేతులు చూసుకుంటోంది. బయటికొచ్చాక మిస్ మొలెఫె నాతో చెయ్యి కలిపింది, యెషి కలపలేదు. వారం తిరక్కుండా జాబితాలోంచి నా పేరు తీసేసినట్టు కబురొచ్చింది. జెప్పి వీధిలో నాకు కొత్త పేరొచ్చింది. కొట్టు ముందునుంచి పోయేవాళ్ళు "ఎనిమిదీ, ఎలా ఉన్నావు?" అని పలకరించేవాళ్ళు. బాగున్నాననేవాణ్ణి.

ఆదివారాలు మిస్ మొలెఫె ఆఫీసులో కూర్చుని ఆ నోటుబుక్కు తిరగేశాం. ఆ నాలుగు నెలల తేదీలున్న కేసులు పదకొండు తేలాయి. ఏడుగురిని వెతికి పట్టుకుని, ఒక్కొక్కరి గుమ్మానికీ వెళ్ళి, నేనే అని చెప్పాను. ఒకాయన తలుపు మొహాన వేశాడు. ఒకావిడ కూర్చోబెట్టి టీ ఇచ్చింది, అది ఇంకా కష్టమనిపించింది. ముగ్గురి జాడ తెలియలేదు. మిగిలినతన్ని అప్పటికే విమానం ఎక్కించి పంపేశారు. అతని పేరు మీకు చెప్పను. నేను మాత్రం రోజూ అనుకుంటాను.

జూన్ వచ్చింది, ఇక్కడ చలికాలం. ఎముకలు కొరికే చలి. ఒక పొద్దున కొట్టు తెరిచి దుప్పట్లు బయట తగిలిస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. తిరిగేసరికి యెషి. రెండు నెలలైంది ఆమెను అంత దగ్గర్నుంచి చూసి. చేతిలో ఒక కవరు ఉంది.

"వచ్చింది. చదువు," అంది.

"మిస్ మొలెఫె దగ్గరికి..."

"నిన్నే చదవమంటున్నాను."

బాబాయ్ మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోను తీసి గల్లాపెట్టెలో పడేసి మూత వేశాను. కవరు విప్పాను. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి, రెండోసారి మనసులో చదువుకుని, అప్పుడు మా భాషలో చెప్పాను. అరెస్టయిన తేదీ రెండువేల పదహారు నవంబరు ఇరవయ్యొకటి అని బెంచీ నిర్ధారించింది. అక్కడ తేదీని వేలు పెట్టి మళ్ళీ సరిచూసుకున్నాను. ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఈమె చెప్పినదంతా మొదటినుంచీ ఒకే తీరుగా ఉంది. ఈమెను నమ్ముతున్నాం. పంపించివేసే ఉత్తర్వు రద్దు. శరణార్థిగా ఈ దేశంలో ఉండవచ్చు.

బాబాయ్ దుప్పటితోనే కళ్ళు తుడుచుకున్నాడు. "పెద్దల్ని మళ్ళీ పిలవనా అమ్మా?" అన్నాడు.

"ముందు అతన్ని చదవనివ్వండి బాబాయ్."

కింద సంతకాలు, ముద్ర, తేదీ కూడా చదివాను. ఇంక చదవడానికేమీ లేక తల ఎత్తాను. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఆశ్చర్యం మాత్రం ఎక్కడా లేదు.

"నీకు ముందే తెలుసా?"

"మొన్ననే. లాయరమ్మ మనిషిని పెట్టి చదివించింది."

"మరి నాచేత ఎందుకు చదివించావు?"

ఆమె దుప్పట్ల మూట ఒకటి లాక్కుని దానిమీద కూర్చుంది.

"నేను అబద్ధాలకోరునయ్యింది నీ నోటి వల్ల. కాదన్న మాట కూడా నీ నోటినుంచే వినాలనిపించింది," అంది. "ఇంకోసారి చదువు. నమ్ముతున్నాం అన్న దగ్గర్నుంచి."

ఇంకోసారి చదివాను.